ముప్పయ్యో భాగం పక్కన ఎర్ర సిరా

ఇండోనేషియాలోని సెమరాంగ్‌లో సముద్రపు పోటునీళ్ళు వచ్చే పేటల్లో ఇళ్ళు పైకి పెరగవు, నేల పెరుగుతుంది. వెనింగ్ వాళ్ళ ఇంటి నేలను ఇప్పటికి మూడుసార్లు మెరక చేశారు. దాంతో గుమ్మం పొట్టిదైపోయి, లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ తల వంచాల్సి వస్తుంది. వెనింగ్ ఈ లోకంలో తల వంచేది ఆ ఒక్కచోటేనని ఆమె పనిచేసే అచ్చాఫీసులో చెప్పుకునేవారు.

పగలంతా అక్కడ ప్రూఫులు దిద్దుతుంది. వయసు ముప్పై తొమ్మిది, పెళ్ళి కాలేదు. తల్లి పోయి రెండేళ్ళవుతోంది. ఇంట్లో ఉన్నది తనూ, మూడేళ్ళు చిన్నదైన చెల్లెలు లారస్సూ. వెనింగ్ కాలేజీలో సాహిత్యం చదువుకుంది. లారస్ తొమ్మిదో తరగతి చివరి పరీక్ష తప్పి, బట్టల ఫ్యాక్టరీలో చేరి, అప్పటినుంచీ చొక్కాలకు కాలర్లు కుడుతోంది.

సాయంత్రాలు వెనింగ్‌కు వేరే లోకం. పదకొండేళ్ళ కిందట మధ్యలో ఆగిపోయిన ‘రేవు పక్క ఇల్లు’ అనే టీవీ సీరియల్ అభిమానుల గుంపు ఒకటి ఇంకా ఫోన్లలో బతికే ఉంది. సీరియల్ వాళ్ళు గాలికొదిలేసిన అక్కాచెల్లెళ్ళు సెకార్, మెలూర్‌ల కథను అక్కడ ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకుంటారు. ప్రతి భాగం చివరా ‘క్రిసార్ చెప్పండి’ అని రాయడం ఆనవాయితీ. విమర్శ, సలహా ఇమ్మని దాని అర్థం. అన్నం తింటున్నవాడు దారినపోయేవాణ్ణి ‘రా, తిందువుగాని’ అనడం లాంటిదే అదీ. పిలిచినవాడికీ పట్టింపు ఉండదు, వెళ్ళేవాడూ ఆగడు. ‘అద్భుతం అక్కా, తర్వాతి భాగం ఎప్పుడు?’ అని రాసి నాలుగు పువ్వులు పెట్టేస్తే మర్యాద తీరిపోతుంది.

వెనింగ్ మాత్రం నిజంగా వచ్చి కూర్చుని, పులుసులో ఉప్పెక్కువైందని చెప్పే మనిషి. కథను అచ్చాఫీసులో చెడిపోయిన కాగితాల వెనకవైపు అచ్చు తీసి, ఎర్ర కలంతో దిద్ది, ఆ దిద్దిందంతా గుంపులో పెట్టేది. ఆమెను తిట్టుకోనివాళ్ళు లేరు. ఆమె చెప్పింది తప్పన్నవాళ్ళు కూడా లేరు. ఆమెకు ఒక్కటే నియమం. క్రిసార్ అడగనివాళ్ళ కథ జోలికి పోదు, కనీసం తెరిచి కూడా చూడదు.

అందుకే ‘తుంపర’ అనే మారుపేరుతో ఎవరో ఏడాదిగా రాస్తున్న కథ ఆమె కంటబడలేదు. ఇరవై తొమ్మిది భాగాలదాకా ఆ తుంపర ఎవరినీ ఏమీ అడగలేదు. ముప్పయ్యో భాగం చివర మాత్రం, ‘ఈసారి క్రిసార్ కావాలి, దయచేసి మొదటినుంచీ చదివి చెప్పండి’ అని రాసింది. ఆ ‘దయచేసి’ వెనింగ్‌కు నచ్చింది. ముప్పై భాగాలూ అచ్చు తీసింది.

కథ సెకార్, మెలూర్‌ల చిన్నతనం గురించి. ఇద్దరినీ చదివించే స్తోమత తల్లికి లేదు. చిన్నది పై బడికి వెళ్తే, పెద్దది కాలేజీ మాట మర్చిపోయి పనిలో చేరాలి. అది విన్న మెలూర్, జవాబులన్నీ తెలిసి కూడా పరీక్షలో తప్పులు నింపి వచ్చి, తప్పానని నవ్వుతూ చెబుతుంది. సెకార్‌కు ఇది ఎప్పటికీ తెలియదు, చెల్లెల్ని ఎగతాళి చేస్తూనే ఉంటుంది.

వెనింగ్ పక్కన ఎర్రగా రాసింది: ‘ఇలా ఎవరూ చేయరు. ఏడిపించడానికి అల్లిన అబద్ధం. ఆ అక్క ఎగతాళి మాటలు చదువుతుంటే దానిమీద అసహ్యం వేస్తోంది, ఇంత రాతిగుండె మనుషులు ఉండరు. పైగా సాగదీత. అక్కకు ఎప్పుడో తెలిసిపోవాలి. అది రాసే దమ్ము మీకు లేదు.’

గుంపులో పెట్టేముందు లారస్‌కు చదివి వినిపించింది. అది కూడా అలవాటే. కొత్త రచయితల వెర్రిమొర్రి వాక్యాలు చదివి నవ్వడం ఆ ఇంట్లో అన్నంలో నంజుకునే పచ్చడి లాంటిది. ఆ రోజు లారస్ నవ్వలేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ, “నిజంగా ఎవరూ చేయరంటావా అక్కా?” అని అడిగింది.

“బుర్ర ఉన్నవాళ్ళెవరూ చేయరు.”

“అయితే అదే పెట్టు.”

పెట్టింది. తెల్లారేసరికి ముప్పై భాగాలూ మాయం. వాటి చోట రెండే రెండు వాక్యాలు మిగిలాయి. ‘ఎవరి మనసైనా నొప్పించి ఉంటే క్షమించండి. ఇక నేను ఉండను.’

ఉండనంటే గుంపులోనా, భూమ్మీదా? అందరికీ అదే అనుమానం వచ్చింది. పదకొండేళ్ళుగా లోపల దాచుకున్న కోపమంతా గుంపు ఒక్కసారిగా కక్కింది. ‘ఒక పసిదాని ఉసురు పోసుకున్నావు’ అని ఒకరు, ‘ఇప్పుడు ఎర్ర కలంతో ఆ పిల్ల చావు కూడా దిద్దు’ అని ఇంకొకరు. వెనింగ్ ఎవరికీ ఎదురు చెప్పలేదు. తుంపరకు ఇరవైసార్లు రాసింది. ‘ఎక్కడున్నావు తల్లీ, ఒక్క మాట చెప్పు చాలు, నన్ను తిట్టినా సరే’ అని వేడుకుంది. జవాబు లేదు. గుంపు నడిపే అతని కాళ్ళావేళ్ళా పడితే, ఖాతా మూసేసిందనీ, ఊరు సెమరాంగ్ అని మాత్రం ఉండేదనీ చెప్పాడు. అంతే, ఆమెకు పిచ్చెత్తినట్టయింది. ఈ ఊళ్ళోనే, ఏ ఇంట్లోనో, బహుశా పదహారేళ్ళ పిల్ల. బస్సులో ఎర్రబడ్డ కళ్ళతో ఏ ఆడపిల్ల కనబడినా నువ్వేనా తుంపరవి అని అడగబోయి ఆగిపోయేది. శుభలేఖలో పెళ్ళికూతురి పేరే తప్పు పోనిచ్చింది. అచ్చాఫీసులో అలాంటిది ఎప్పుడూ జరగలేదు.

నాలుగు రోజులు చెల్లెలికి అదే గోల చెప్పుకుంది. లారస్ వింటూ, మాట మాటకూ ఊ కొట్టి, “బతికే ఉంటుందిలే, కంగారుపడకు” అనేది. నీకెలా తెలుసే అని వెనింగ్ విసుక్కునేది.

ఆదివారం పొద్దున కాగితాల కట్ట మళ్ళీ తీసింది. రాసిన పిల్ల ఎవరో, ఏ వీధిదో ఆనవాలు దొరుకుతుందేమోనని ఈసారి తప్పుల కోసం కాకుండా మనిషి కోసం చదివింది. మధ్యాహ్నానికి ముప్పయ్యో భాగం అయింది. ఏమీ దొరకలేదు. అన్నానికి కూర్చున్నారు. అన్నం, సోయాగింజల టెంపే వేపుడు, ఒక గుడ్డట్టు. గుడ్డట్టును లారస్ ఎప్పటిలాగే రెండు ముక్కలు చేసి పెద్దది అక్క పళ్ళెంలో వేసింది. తను తినకుండా అన్నం కెలుకుతోంది. నాలుగు రోజులుగా అదే వరస. వాతావరణం తేలిక చేద్దామని వెనింగ్ తన ముక్క కూడా చెల్లెలి పళ్ళెంలోకి తోసింది.

“తినవే. పరీక్షలో తప్పినా పళ్ళెం దగ్గర ఎప్పుడూ పాసేగా నువ్వు.”

అనేసరికి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ మాట గంట కిందటే చదివింది. మెలూర్ పరీక్ష తప్పిన రోజు సెకార్ అన్న మాట. పక్కన తనే రాసిన ఎర్ర అక్షరాలు. రాతిగుండె మనుషులు. ఫలితాలు వచ్చిన రోజు ఇదే ఇంట్లో, ఇదే మాట ఎవరన్నారో అప్పుడు గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు అందో ఆమెకే లెక్క లేదు. నవ్వులాటకు అంది, వాళ్ళమ్మ ఎదుట కూడా అంది, వాళ్ళమ్మ ఎందుకు నవ్వేది కాదో ఎప్పుడూ ఆలోచించలేదు.

“తుంపరవి నువ్వా?”

లారస్ టెంపే గిన్నె మీద మూత సర్దింది.

“అమ్మకు తెలుసా?”

“తెలుసు. నీకు తెలిస్తే చదువు మానేస్తావని నాతో ఒట్టు వేయించుకుంది. అమ్మ పోయాకే రాయడం మొదలుపెట్టా.”

“మరి నాకు చెప్పొచ్చుగా నోటితో. గుంపులో క్రిసార్ ఏంటే?”

“అడక్కపోతే నువ్వు చదవవుగా అక్కా.”

వెనింగ్ ఎంగిలిచేత్తోనే లేచి కాగితాల కట్ట తెచ్చింది. ఫోన్లో రాసి, ఫోన్లోనే చెరిపేసిన కథకు ఇక ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క ప్రతే. దాన్ని మళ్ళీ పెట్టమంది, టైపు తను చేస్తానంది, గుంపులో అందరిముందూ క్షమాపణ చెప్పుకుంటానంది. లారస్ చెయ్యి కడుక్కుని వచ్చి, కట్ట ఒళ్ళో పెట్టుకుని, ఎర్ర గీతలు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది.

“కామాల గురించి రాసినవి కరెక్టే. సాగదీశానన్నావు, అదీ నిజమే.” ముప్పయ్యో భాగం దగ్గర ఆగింది. “కావాలని సాగదీయలేదక్కా. నిజం తెలిశాక వాళ్ళక్క ఏమంటుందో నాకు ఎంతకీ తట్టలేదు. అక్కడే ఆగిపోయాను.”

ఆ కాగితం అక్క ముందు పెట్టింది.

“ఇప్పుడు తెలిసిందిగా. చెప్పు, ఏమంటుంది?”

వెనింగ్ నోరు తెరిచింది. ఎవరి కథలో ఎవరు ఏమనాలో పదకొండేళ్ళుగా అందరికీ చెప్పిన మనిషి. ఒక్క మాట రాలేదు. లారస్ చూసి చూసి, “పోనీలే, తట్టినప్పుడు చెప్పు” అని పళ్ళేలు రెండూ తీసుకుని, గుమ్మం దగ్గర తల వంచి పెరట్లోకి వెళ్ళింది.

వెనింగ్ ఎర్ర కలం తీసి ‘ఇలా ఎవరూ చేయరు’ అన్న మాటను కొట్టేసింది. మళ్ళీ కొట్టేసింది. కాగితం చిరిగేదాకా కొట్టేసింది. అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పెరట్లోంచి పళ్ళేలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.