తోటికోడలి బుగ్గలు

మెట్‌పల్లిలో ఓ ఇంటి పెద్దకోడలు సరళాదేవి పొద్దున్న లేస్తూనే మొదట తోటికోడలు ఇందిర బుగ్గలు చూసేది. కరీంనగర్ డాక్టరు రాసిన స్టెరాయిడ్ గోళీలకు అవి పూరీల్లా ఉబ్బాయి. అత్త చాటుగా మీగడ పెట్టడం వల్లేనని మాత్రం సరళ నమ్మకం. "ఇందిర ఒంట్ల కణాలు ఒకదానికొకటి తప్పుడు కబుర్లు పంపుకుంటున్నయట బిడ్డా. గవి విని దాని ఒళ్లే దాని నెత్తుర్ని తింటుందట. జర ఒత్తినా నెత్తురు కమిలి నల్లగైతదట, దెబ్బ తాకనియ్యకు" అని అత్త బతిమాలితే, సరళ కత్తిపీట మీద వంకాయలను కసిగా కోసేది. 'నాకు జ్వరమొస్తే గింత ఫికర్ చేసిండ్రా?' అనుకునేది.

బతుకమ్మ పండుగకు గాజులామె వచ్చింది. "చెయ్యి లావైందక్కా, నాకొద్దు" అని ఇందిర వెనక్కి జరిగింది. "గంత సుకుమారమా? ఇటు తే" అంటూ సరళ ఆ చేతిని గట్టిగా పిండి, తన కొలత గాజులే ఎక్కించింది. తెల్లారేసరికి ఆ ముంజేతి మీద సరళ వేళ్లు నల్లగా తేలాయి. అత్త ఆ చేతిని వెలుతురుకు తిప్పి చూసింది. "ఎవలు పట్టిండ్రు బిడ్డా?"

"ఎవలు పట్టలేదత్తమ్మా. గాజులెక్కిచ్చుకుంటుంటే నేనే ఒత్తుకున్న."

అత్త ఆమె తల నిమిరింది. గడపలో నిలబడ్డ సరళకు సిగ్గేసింది. అంతకన్నా ముందు కడుపు మండింది. మంచిదనిపించుకోవడం కూడా దీనికేనా!