నబోర్ మింగిన బాలయేసు

మెక్సికో దేశమంతా వెతికినా మా నబోర్ కువాత్లె లాగా జపమాల చెప్పించేవాడు దొరకడని నేను ఇప్పటికీ పందెం కాస్తాను. మా కొండవాలు ఊరికి ఫాదర్‌గారు ఎప్పుడో ఒక ఆదివారం వచ్చేవారు. మిగతా రోజుల్లో మాకు గురువైనా, ఉపదేశి అయినా నబోరే. ఎవరింట్లో చావు జరిగినా తొమ్మిది సాయంత్రాలు వెళ్ళి ప్రార్థన నడిపేవాడు. నాలాగే నాలుగో తరగతితో బడి మానేసినవాడు, అయినా పునీతులందరి పేర్లూ పుస్తకం చూడకుండా వరసగా చెప్పేవాడు. ప్వేబ్లా పట్నం నుంచి గంట తెచ్చి గోపురానికెత్తించిన కమిటీకి ఆయన పెద్ద, ఆయన తర్వాత నేను. మా గంట పక్క లోయలోని ఊరికి వినిపిస్తుంది, వాళ్ళ గంట మాకు వినిపించదు. గుడిలో పునీత ఇసిదోరు స్వరూపం చేతిలో నాగలి విరిగిపోతే కొత్తది చెక్కించిందీ ఆయనే. ఈ రోజు మా ఊళ్ళో మీసాలున్న ప్రతివాడూ ఆయన దగ్గర జ్ఞానోపదేశం నేర్చుకున్నవాడే. అంతటి మనిషికి ఒక జనవరిలో జరిగింది చెబుతాను.

ముగ్గురు రాజుల పండుగనాడు గుడి ముంగిట బల్లల మీద కిరీటంలాంటి పెద్ద రొట్టె కోస్తాం. లోపల చిటికెన వేలి గోరంత బాలయేసు బొమ్మ ఉంటుంది. ఎవరి ముక్కలో బొమ్మ వస్తే ఆ ఏడు గుడిలోని బాలయేసు స్వరూపానికి వాళ్ళే జ్ఞానతల్లి, లేదా జ్ఞానతండ్రి. ఆయనకు కొత్త బట్టలు కుట్టాలి, ఫిబ్రవరిలో కొవ్వొత్తుల పండుగనాడు ఎత్తుకుని పూజకు తేవాలి, పూజ అయ్యాక ఊరందరికీ తమాలెలు పెట్టాలి. మొక్కజొన్న పిండి ముద్దలు పొత్తుల మీది ఆకుల్లో చుట్టి ఊరంతటికీ ఆవిరి మీద ఉడికించడమంటే గాదె అడుగు కనబడుతుంది. అందుకే ఆ రోజు ప్రతివాడూ తన ముక్కని ముందు వేలితో పొడిచి చూసుకుంటాడు.

ఆ ఏడు మంచు నబోర్ చేనుని కంకుల మీదే మాడ్చేసింది. ఇంట్లో ఉన్న గింజలు వానల దాకా వస్తాయో రావో తెలియదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. పైగా ముందు ఆదివారమే గుడిలో నిలబడి, బాలుడికి తలుపు తియ్యని ఇల్లు ఇల్లే కాదని ఉపన్యాసమిచ్చాడు.

పండుగనాడు నబోర్ తన ముక్క కొరికాడు. పంటికి గట్టిగా తగిలింది. ఒక్క క్షణం బుగ్గలోకి తోసుకున్నాడు. ఉమ్మేసి నవ్వి ఉంటే అయిపోయేది. సరిగ్గా అప్పుడే రొట్టెలు కాల్చే రుఫీనో భార్య ఒదీలియా గట్టిగా అంది:

“బావగారూ, లేవండి. మీ నోటితో ముగింపు ప్రార్థన చెప్పండి, అందరం వింటున్నాం.”

అందరి కళ్ళూ ఆయన నోటి మీదే ఉన్నాయి. నోరు తెరిస్తే బొమ్మ కనబడుతుంది. ఆయన మింగేశాడు. గొంతుకి అడ్డం పడి, ముఖం కందిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

“చూశారా, ఇంకా మొదలైనా పెట్టలేదు, అప్పుడే కన్నీళ్ళు! భక్తంటే అదర్రా!” అంది ఒదీలియా.

ప్రార్థన అయింది, రొట్టె అయింది, బొమ్మ మాత్రం ఎవరికీ రాలేదు. “నా చేత్తో నేనే పెట్టాను, నా కళ్ళు పోవాలి!” అని రుఫీనో ఒట్టు వేశాడు. అప్పుడు అందరి చూపూ కాస్తులా మీద పడింది. ఆమె విధవరాలు, పీఠం బట్టలు ఉతికేది. నబోర్ పక్కనే కూర్చుని సగం ముక్క తిని, మంచం పట్టిన అక్క కోసం మిగతా సగం శాలువా కొంగున కట్టుకుంది.

“ఏమే కాస్తులా, బాలుణ్ణి కొంగులో దాచి ఎత్తుకుపోతున్నావా?”

“ఈ వయసులో పిల్లాడు పుట్టాడని సిగ్గుపడుతోంది పాపం!”

అందరం నవ్వాం. ఆమె కొంగు విప్పి చూపించింది. రొట్టె తప్ప ఏమీ లేదు.

“అయితే మింగేసిందర్రా!” అని ఒదీలియా చేతులు చరిచింది. “తమాలెలు పెట్టాల్సి వస్తుందని దేవుణ్ణే మింగేసింది!”

కాస్తులా ఒక్కసారి నబోర్ వైపు చూసింది. ఆయన టోపీ అంచుని చూసుకుంటున్నాడు. ఆమె కొంగు మళ్ళీ ముడి వేసుకుని, “సరే, ఈ ఏడు బాలుడు మా ఇంటికే వస్తాడు. నేను ఎత్తుకుంటాను,” అంది.

తప్పు ఒప్పుకుందన్నారు జనం. ఆ రోజు నుంచి ఆమె వీధిలో వెళ్తుంటే పిల్లలు బుగ్గలు పూరించి గుటక వేసేవారు. ఆ పిల్లలకి ప్రేమ గురించి పాఠం చెప్పేది నబోరే. మందలించబోయి, తల తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. ఇదంతా తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

ఫాదర్‌గారు వచ్చిన ఆదివారం నబోర్ ఆయన దగ్గర తప్పు చెప్పుకుని పాపసంకీర్తనం చేశాడు. ఫాదర్‌గారు పాపక్షమాపణ ఇచ్చి, “దేవుడి దగ్గర నీ లెక్క తీరింది నాయనా. ఆవిడ మీద పడిన మచ్చ మాటేమిటి? అది తుడవడం నా చేతిలో లేదు,” అన్నారట.

నబోర్ ఉన్న గింజల్లో సగం తమాలెలకని మూటగట్టి కాస్తులా ఇంటికి మోసుకెళ్ళాడు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని, కిటికీ తెర కత్తిరించి బాలయేసుకు చొక్కా కుడుతోంది.

“బొమ్మ నాకే వచ్చింది, కాస్తులా.”

“తెలుసు బావా. నీ గొంతుముడి పైకెళ్ళి కిందకి దిగడం చూశాను.”

“మరి చెప్పలేదేం?”

“మా ఆయన పోయినప్పుడు ఈ గడపలో నిలబడి ప్రార్థించింది నువ్వు. రేపు మా అక్కకీ నువ్వే చెప్పాలి. నీ మాట మీద నమ్మకం పోతే ఊరు చావుల్లో ఎవరి మొహం చూడాలి? నన్నంటావా, బట్టలు ఉతికేదాన్ని. నా పేరుతో ఎవరికేం పని?”

ఆ ఆఖరి మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అంది. “తిట్టి ఉంటే మూట దించి ఇంటికి పోయేవాణ్ణి, ఆ మాటకి నా కాళ్ళు కదల్లేదు,” అనేవాడు నబోర్.

కొవ్వొత్తుల పండుగ వచ్చింది. కాస్తులా తెరగుడ్డ చొక్కా తొడిగిన బాలుణ్ణి రెండు చేతుల్లో పట్టుకుని గుడిలోకి నడిచింది. ఎవరో వెనక నుంచి గుటక శబ్దం చేశారు. కొందరు కిసుక్కుమన్నారు. నబోర్ జపమాల పట్టుకుని పీఠం దగ్గర నిలబడ్డాడు. ప్రార్థన మొదలుపెట్టాల్సింది పోయి, “ఆపండి,” అన్నాడు. “మింగింది ఆవిడ కాదు. నేను. పెట్టలేనని చెప్పడానికి నామోషీ వేసి మింగాను. ఆ రోజు మీరు చూసింది భక్తి కాదు, గొంతుకి అడ్డం పడితే వచ్చిన నీళ్ళు. ఆవిడ చూసి కూడా నన్ను కాపాడింది. మీరు ఆవిడని అన్నవన్నీ నేను వింటూ ఊరుకున్నాను.”

గుళ్ళో ఒక మూల నుంచి నవ్వు మొదలై సగంలో ఆగిపోయింది. నబోర్ జపమాల పీఠం మీద పెట్టి తలుపు వైపు నడిచాడు. కాస్తులా దారికి అడ్డం నిలబడింది.

“ఎక్కడికి?”

“ఇక నేను చెప్పించను. నాకా అర్హత లేదు.”

“మానేస్తే నీకు సుఖంగానే ఉంటుంది, ఇంట్లో మొహం దాచుకుని కూర్చోవచ్చు. వెళ్ళి చెప్పించు బావా. పిల్లవాణ్ణి మోసి నా చేతులు లాగేస్తున్నాయి.”

ఆయన వెనక్కి వెళ్ళాడు. ఆ రోజు ప్రార్థన రెండుసార్లు తడబడింది, మేమే అందించాం. పూజ తర్వాత ఆయన కుండ పట్టుకుని ఒక్కొక్కరికీ తమాలెలు వడ్డించాడు. ఒదీలియా తన తమాలె ఆకు విప్పకుండానే పట్టుకుని కాస్తులా ఎదురుగా నిలబడింది.

“తినవే, చల్లారిపోతుంది,” అంది కాస్తులా.

నబోర్ ఆ తర్వాత కూడా బతికినన్నాళ్ళూ మా ఊరికి జపమాల చెప్పించాడు. కానీ లేచి నిలబడ్డ ప్రతిసారీ మెడ దాకా ఎర్రబడేవాడు. అది చూసి మేము తలలు వంచుకునేవాళ్ళం. కొత్తవాళ్ళు మాత్రం, ఈ ఊళ్ళో ఎంత వినయంగా ప్రార్థిస్తారో అని మెచ్చుకునేవారు.