బస్సులో చచ్చిపోయిన యాక్టరు

యాక్టర్లనెవరినైనా చూశావా అని అడిగావుగా చిన్నీ, ఒకణ్ణి చూశాను, ఇక్కడ మా ఇల్ఫర్డ్ ఊరి బస్సులో. నా పక్కన కూర్చున్న బ్రెజిల్ అబ్బాయి. వాళ్ల దేశంలో హీరోనట.

"బయటి దేశాల సినిమాల్లో మాత్రం చావడమే నా పని ఆంటీ. పేరొచ్చింది దాంతోనే," అని నవ్వాడు.

ఇంతలో ఒక తాగుబోతు నా సంచీ లాగాడు. వదలకపోతే పిడికిలెత్తాడు. ఆ అబ్బాయి అడ్డం వచ్చాడు. గుద్దు మూతి మీద పడింది. తల రాడ్డుకి కొట్టుకుని, నోటినిండా రక్తంతో కూలిపోయి, కళ్లు తేలేశాడు. చంపేశాననుకుని తాగుబోతు సంచీ వదిలేసి, తలుపు తెరుచుకోగానే పారిపోయాడు.

అప్పుడు అబ్బాయి లేచి కూర్చుని, "బాగా చచ్చానా ఆంటీ?" అన్నాడు. మూతి మీద రక్తం మాత్రం నిజమే, చేత్తో తుడుచుకున్నాడు.

"నొప్పి పుట్టిందా నాయనా?" అని నేనడిగేసరికి అతని స్టాప్ వచ్చింది. దిగిపోయాడు.