రాణిగారి వేళ్ళు

మా వాడలో బీడీలు చుట్టే ఒక అక్క ఉంది; ఆమె చేతులు ఊరికే ఉండగా నేనెప్పుడూ చూడలేదు. బాన్సువాడ శివారులో, కోసిన వరి మడిలో రాజదర్బారు ఫొటో తీయాలని నాకు పిచ్చి పట్టినప్పుడు, రాణి వేషానికి ఆమెనే బతిమాలాను. పైసా అడగకుండా వాడకట్టంతా మంత్రులై, భటులై వచ్చింది.

పొద్దు వాలుతోంది. ఆ ఎర్రటి వెలుగు పోతే అందరి శ్రమా వృథా. రాణిగారి వేళ్ళు మాత్రం ఒడిలో లేని ఆకును చుడుతూనే ఉన్నాయి.

"నువ్వు రాణివక్కా! చేతులు కదపకు!" అని అందరి ముందూ కసిరాను. ఆమె చేతులు రెండూ తొడల కింద నొక్కిపెట్టుకుంది. దాంతో ముఖమూ బిగుసుకుపోయింది.

"గిట్లయితే రాణి గాదు తమ్మీ, బొమ్మయితది," అంటూ సింహాసనం వెనక దాచిన బీడీల చాట తీసి ఒడిలో పెట్టుకుంది. "నా రాజ్యంల రాణి గూడ బీడీలు చుడ్తది. ఓ భటుడా, గా దారం అందియ్యి!"

దర్బారంతా పగలబడి నవ్వింది. నేను సిగ్గుపడుతూనే కెమెరా మీట నొక్కాను.

కసిరినందుకు ఏమనుకోవద్దని తర్వాత వాళ్ళింటికెళ్ళి అడిగితే, "గదేం ఫికర్? ఫొటో మంచిగొచ్చిందా?" అంది, తలెత్తకుండా చుడుతూనే.

మంచిగానే వచ్చింది. ఆమె వేళ్ళు ఆగడం నేను చూసింది ఆ ఫొటోలోనే.