మంచం కింది సరుకు

ఎనభైల్లో బొంబాయిలో వ్యవసాయ డిగ్రీ చదివేటప్పుడు మాకు వ్యాపార నిర్వహణ కూడా ఒక సబ్జెక్టు. ఏదైనా పండించి, అమ్మి చూపాలి. నేను మేముండే చాల్‌లో, అంటే కూలి కుటుంబాల వరస గదుల భవనంలో, మా ఒంటి గదిలో మంచం కింద గడ్డి సంచుల్లో పుట్టగొడుగులు పెంచాను.

కాలేజీలో మా ఇల్లు గ్రాంట్ రోడ్ అని చెప్పేదాన్ని. నిజానికి మేముండేది ఆ పక్కనే కామాటిపురాలో; వేశ్యావాడలున్న ఆ పేట పేరు చెబితే అమ్మాయిని చూసే చూపే మారిపోతుంది. ఒక ఆదివారం ఆ సబ్జెక్టు చెప్పే మేడం క్లాసునంతా వెంటబెట్టుకొని నా పుట్టగొడుగులు చూడటానికి వచ్చారు. ఆ వీధుల్లోంచి తల దించుకొని తీసుకొచ్చాను.

నానమ్మ అందరికీ రొట్టె, కూర పెట్టింది. తింటూనే మేడం సరుకు చూపమన్నారు. వంగి చూస్తే ఖాళీ సంచులు.

"ఇంటికొచ్చినోళ్లకు వండి పెడ్తరు గానీ చూపెడ్తరా, బిడ్డా?" అంది నానమ్మ.

అందరూ తింటున్న కూరే నా సరుకని మేడంకు చెప్పక తప్పలేదు. మేడం వ్యాపారం గురించి ఇంకేమీ అడగలేదు. ఇంకో రొట్టె అడిగారు.

ఆ తర్వాత ఎవరడిగినా మా ఇల్లు కామాటిపురా అనే చెప్పాను.