గుడ్డలో చుట్టిన గుమ్మడికాయ

కోకంద్ పట్టణం పాత వీధుల్లో ఎవరింట బిడ్డ పుట్టినా ఊయల కోసం తుర్గున్ తాత దగ్గరికే వచ్చేవారు. తాడు కట్టి వేలాడదీసేది కాదు, నేల మీద రెండు వంపుకర్రలపై ఊగే చెక్క ఊయల. ఊయల చేయడమూ, చాయ్ చల్లారిందని నాయనమ్మ మీద విసుక్కోవడమూ తాతకు పుట్టుకతో వచ్చిన విద్యలు. మొదటిదాని గురించి అడిగినా అడగకపోయినా చెప్పేవాడు. రెండోది తనకు ఉందని చచ్చినా ఒప్పుకొనేవాడు కాదు.

ఆయన తమ్ముణ్ణి ఊరంతా వంకర సోబిత్ అనేది. నిజానికి ఆ మనిషి గుంజలా నిటారుగా ఉండేవాడు. వంకర అన్న పేరు ఆయన వయసులో ఉండగా చేసిన ఒక ఊయల వల్ల వచ్చింది. అది ఊపితే నడిచేది. తల్లి ఊపుతూ ఊపుతూ కునుకు తీసి లేచేసరికి పిల్లాడు గది దాటి గోడ దగ్గరికి ప్రయాణం కట్టాడట. చాయ్‌ఖానాలో ఆ కథ చెప్పుకొని నవ్వని వాడు పాపాత్ముడు. తాత మాత్రం నవ్వలేదు. అందరి ముందూ తమ్ముడి చేతిలోంచి వాలుమట్టం లాక్కున్నాడు. కర్రపిడికి ఇనపరేకును మరమేకుతో బిగించిన ఆ పనిముట్టు వాళ్ల నాన్నది. ఊయల కాళ్లకు ఎంత వాలు కావాలో రేకును అంత తిప్పి బిగిస్తే, ప్రతి కాలి మీదా అదే వాలు గీసుకోవచ్చు.

"మట్టంలో లేదు వంకర, నీ చేతిలో ఉంది" అన్నాడు. "ఇవాళ్టి నుంచి రంగులు వేసుకో."

సోబిత్ బతికినంతకాలం అన్న ఎదుట ఉలి పట్టకుండా, ఆయన చేసిన ఊయలలకు ఎర్రపువ్వులూ పచ్చ తీగలూ వేస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత తాత ఇంటి నుంచి వెళ్లిన ఊయల ఒక్కటీ నడవలేదు. ఇంకేం సాక్ష్యం కావాలి? తాత ఆ సంగతి పదిమందిలో చెప్పేవాడు, తమ్ముడు పక్కన కూర్చుని వింటుండగానే.

ద్రాక్ష కోతల రోజుల్లో సోబిత్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. చలికాలంలో ఒక ఊయల తిరిగొచ్చింది. నడుస్తోందన్నారు. తాత వాళ్ల నేలను తిట్టి పంపించాడు. మంచు కరగకముందే మరొకటి వచ్చింది. ఈసారి ఊయల వెనక్కి తీసుకున్నాడు. రాత్రుళ్లు దుప్పటి కింద తన చేతిని తానే తడుముకోవడం నాయనమ్మ ఖుమ్రీ చూసింది. ముసలితనం చేతిలోకి దిగిందని ఆయన భయం.

అప్పుడే మావ్లుదా ప్రసవించింది. ఆమె సోబిత్‌కు లేకలేక పుట్టిన ఒక్క కూతురు. తొలిబిడ్డకు ఊయల తల్లి పుట్టింటి నుంచే వెళ్లాలి. తండ్రి లేడు కాబట్టి ఆ బాధ్యత పెదనాన్నది. అత్తవారింట విందు రోజు కూడా ఖాయమైంది. తమ్ముడి బిడ్డకు వంకర ఊయల పంపితే ఆ ఇంట్లో ఆమె జీవితాంతం ఏం వినాల్సి వస్తుందో తాతకు బాగా తెలుసు. పేర్లు ఎలా అంటుకుంటాయో ఆయనకంటే తెలిసినవాడెవడు?

చెక్క మంచిది తెచ్చాడు. గీసిన గీతే మళ్లీ గీసి కోశాడు. బిగించి దూరంగా నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఊపి చూడటానికి లేదు. ఖాళీ ఊయల ఊపితే అందులో పడుకోబోయే బిడ్డకు కడుపునొప్పి వస్తుందంటారు. ఎంత గొప్ప పనివాడైనా ఆ తప్పు చేయడు. అందుకే అక్కడ ఊయల మంచీచెడూ బిడ్డ ఎక్కాకే తెలుస్తుంది.

"గుమ్మడికాయ పెట్టి చూడండి. మీ తమ్ముడు అదేగా చేసేవాడు" అంది నాయనమ్మ, చాయ్ గిన్నె పక్కన పెడుతూ.

తాత తల తిప్పాడు. "ఏం చేసేవాడు?"

"మీరు నమాజుకు వెళ్లగానే ఖర్బూజానో గుమ్మడికాయనో గుడ్డలో చుట్టి, పడుకోబెట్టి ఊపేవాడు. ఖాళీ ఊయల కాదు కదా మరి. మేమంతా నవ్వలేక చచ్చేవాళ్లం. పిల్ల పడుకుందా సోబిత్ అని అడిగితే, పళ్లొస్తున్నాయి వదినా, ఒకటే పేచీ అనేవాడు. ఆ తర్వాతే రంగు పెట్టేవాడు."

"నాకు చెప్పలేదేం?"

"వాడికి మతి చలించిందని మీరింకో పేరు పెడతారని."

తాత కొట్టులోంచి గుమ్మడికాయ తెచ్చి, దాని తలకు ఒక తువ్వాలు కూడా చుట్టి, ఊయలలో పెట్టి ఊపాడు. ఇంకోసారైతే ఇంటిల్లిపాదీ పొట్టలు పట్టుకొని నవ్వేవారు. ఊయల టకటకమంటూ నడిచి వెళ్లి గోడకు ఆనుకుంది.

ఆయన లేచి అటక మీది పాత ఊయల దింపాడు. తన పిల్లలూ మనవలూ పడుకున్న ఊయల. తాను కోసినది, సోబిత్ రంగు వేసినది. దాన్ని బోర్లించి కాళ్ల అడుగున రంగు గోకాడు. ఒక కాలు కొద్దిగా చెక్కి ఉంది. ఇంకో కాలికీ వంపుకర్రకూ మధ్య కాగితమంత పలచని చెక్కపేడు అతికించి, దాని మీద పచ్చరంగు పూసి ఉంది. తాత దాన్ని గోటితో తడిమాడు. ఇంకేమీ గోకలేదు.

అప్పుడు వాలుమట్టం చేతిలోకి తీసుకున్నాడు. రేకును బిగించి, చెక్కకు అదిమి ఒక గీత గీశాడు, పక్కనే ఇంకోటి గీశాడు. రెండు గీతలూ పైకి పోతూపోతూ ఒకదానికొకటి దగ్గరయ్యాయి. మర ఎంత బిగించినా, పిడి గట్టిగా నొక్కితే రేకు వెంట్రుకవాసి జారుతోంది. మర పట్టే రంధ్రం నాన్న కాలంలోనే అరిగిపోయినట్టుంది.

పాత బూటు తోలులోంచి చిన్న బిళ్ల కోసి, నడుమ రంధ్రం చేసి, రేకుకూ పిడికీ మధ్య పెట్టి మర బిగించాడు. బొటనవేలితో బలంగా నెట్టాడు. కదల్లేదు. మర విప్పేటప్పుడు నాయనమ్మ మళ్లీ పోసిన చాయ్ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. మరమ్మతుకు పట్టిన సమయం అంతే.

తాత కాళ్లు కొత్తవి కోశాడు. గుమ్మడికాయ ఈసారి ఉన్నచోటనే ఊగింది. రంగులు వేసే దిక్కు లేక తానే వేశాడు. గులాబీలు అనుకొని వేసినవి ఉల్లిగడ్డల్లా వచ్చాయి. విందు రోజు మావ్లుదా ఆ పూలను చూసి తలగుడ్డ అంచుతో నోరు కప్పుకుంది. నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు.

"నాన్న పువ్వుల్లా లేవు పెదనాన్నా."

"ఉండవమ్మా. కాళ్లు మాత్రం మీ నాన్న సరిదిద్దినట్టే ఉన్నాయి."

పలావు తిన్నాక మగవాళ్ల మధ్య తాత గొంతు సవరించుకున్నాడు. సోబిత్ చేతిలో ఏ వంకరా లేదనీ, మట్టం జారిందనీ, ఇన్నేళ్లూ తన ఊయలలను చక్కదిద్దింది వాడేననీ చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒక పెద్దాయన గడ్డం నిమురుకున్నాడు.

"పోయిన తమ్ముణ్ణి నలుగురిలో పొగిడావు. అన్నవంటే నువ్వేనయ్యా తుర్గున్."

"పొగడటం కాదు. జరిగింది చెబుతున్నా."

"తెలుసులే" అన్నాడు పెద్దాయన, భుజం తడుతూ.

అంతలో ఆలస్యంగా వచ్చిన అతిథి ఒకాయన చెప్పులు విప్పుతూ, ఈ బిడ్డ తల్లి వైపు ఎవరి మనవరాలని అడిగాడు. నలుగురు ఒక్కసారే జవాబిచ్చారు.

"వంకర సోబిత్ మనవరాలు."

నాయనమ్మ పంపిన చాయ్ తాత ముందు చాలాసేపటి నుంచి ఉంది. గిన్నె అందుకొని ఒక గుక్క తాగాడు. పూర్తిగా చల్లారిపోయింది. ఆయన ఎవరి మీదా విసుక్కోకుండా చివరిదాకా తాగాడు.