గుసగుసమ్మ బాగుచేసిన పడవ

ఆమె గొంతు పెద్దదేం కాదు. నిద్రపోతున్న పాప మీద దుప్పటి కప్పినంత మెల్లగా మాట్లాడేది. అయినా ఆ సినిమా హాల్లో, వెనక వరసలో, ఆ గొంతు వినపడని ఆట లేదు. "ఇప్పుడు తలుపు తీసింది. గదిలో ఎవరూ లేరు. బల్ల మీద రెండు కప్పులున్నాయి, ఒకదాన్లోంచి ఇంకా ఆవిరి వస్తోంది." ముందు కూచున్నవాళ్ళు వెనక్కి తిరిగి ఉష్ అనేవారు. ఆమె ఒక్క క్షణం ఆగి, ఆ సంగతి కూడా భర్త చెవిలో వేసేది. మీసాలాయన తిరిగి చూస్తున్నాడండీ, కోపంగానే ఉన్నాడు, ఆ, మళ్ళీ అటు తిరిగాడు అని. అలా ఆమెకి గుసగుసమ్మ అన్న పేరు పడింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు పిలిచేవాళ్ళు లేక ఎక్కడో మూలపడింది.

ఆమె ఉద్యోగం అదే హాల్లో టికెట్ల కిటికీ వెనక. భర్త వీధి చివర రేడియోలు బాగుచేసేవాడు. చిన్నప్పుడు జ్వరంలో ఆయన చూపు పోయింది. రేడియో వెనక పలక విప్పి, లోపలికి వేళ్ళు పోనిచ్చి, తెగిన తీగని తడిమి పట్టుకునేవాడు. చుట్టుపక్కల అందరికీ ఆయన రేడియో మావయ్య.

వాళ్ళిద్దరినీ కలిపింది ఒక పోస్టరు. ఒక సాయంత్రం ఆయన కిటికీ దగ్గరికొచ్చి, బయట ఏం బొమ్మ వేశారండీ అని అడిగాడు. బొమ్మలో ఇద్దరు మనుషులు గోడకి చేరబడి ఉన్నారు, అంతే. అడిగిన మనిషి చూస్తే ఎంతో ఆశగా ఉన్నాడు, బొమ్మ చూస్తే నీరసంగా ఉంది. ఆమెకి మనసొప్పక గోడ వెనక ఒక సముద్రం పెట్టింది. సముద్రం మీద ఓడ, ఓడ మీద ఏనుగు. ఆయన టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళాడు. ఆట అయ్యాక తిరిగొచ్చి, ఏనుగు ఒక్కసారీ ఘీంకరించలేదేమండీ అన్నాడు. అది పెద్దమనిషి ఏనుగండీ, అంది ఆమె. ఆయన కిటికీ అంచు పట్టుకుని చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు విన్నాక ఆమె మరో సంబంధం సంగతి ఆలోచించలేదు.

పెళ్ళయిన కొత్తలో ఒక కంటి డాక్టరు ఆయనకి ఆశ పెట్టాడు. మందులు వాడారు, ఆగారు, మళ్ళీ వెళ్ళారు. ఒకరోజు ఆ డాక్టరు, ఇక రావద్దు, రావడం వల్ల లాభం లేదు అని చెప్పేశాడు. ఇంటికి వెళ్ళబుద్ధి కాక ఇద్దరూ సినిమాకి వెళ్ళారు. అది పడవ సినిమా. పడవవాడు వరదలో అవతలి ఒడ్డుకి వెళ్ళి తిరిగి రాడు. భార్య ఒడ్డున ఎదురుచూస్తూ ఉంటుంది. ఆఖరి ఘట్టంలో మాటల్లేవు. నీళ్ళ చప్పుడు, ఒక వేణువు, దూరం నుంచి మెల్లగా కదిలి వచ్చే పడవ.

పడవ ఖాళీగా వచ్చింది.

ఆమె భర్త చేతిని చూసింది. కుర్చీ చేతి మీద ఆ వేళ్ళు, ఏదో విరిగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా ఉన్నాయి. ఆమె వంగి, పడవలో అతనున్నాడండీ అంది. తడిసిన చొక్కా పిండుకుంటూ నవ్వుతున్నాడు అంది. ఎదుటి వరసలో ఎవరో ముక్కు చీదితే, ఆనందం పట్టలేక ఏడుస్తున్నారండీ అని అది కూడా సర్దేసింది.

ఆ రోజు నుంచి ఆయనకి ఆ పడవ ఊతపదమైపోయింది. రేడియో పాడైందని దిగులుగా వచ్చినవాడికీ, పరీక్ష తప్పిన పక్కింటి పిల్లకీ, ఉద్యోగం పోయిన బావమరిదికీ ఒకటే మాట, పడవ వస్తుందిలే. ఎవరైనా పెద్దవాళ్ళు దుకాణానికొచ్చి, ఆ సినిమా మేమూ చూశాం మావయ్యా అని మొదలుపెడితే, గుసగుసమ్మ ఆయన వెనక నిలబడి కళ్ళురిమేది. ఆ కళ్ళు చూసినవాళ్ళు బ్యాటరీలు కొనుక్కుని పోయేవారు.

ఏళ్ళు గడిచాయి. ఇద్దరి జుట్టూ నెరిసింది. అప్పుడొచ్చింది వికలాంగుల ఫిల్మ్ ఫెస్టివల్.

దాన్ని నడిపే అమ్మాయి చక్రాల కుర్చీలో వచ్చి హాలు ముందు ఆగింది. మెట్లని చూసింది. మేనేజరు చేతులు కట్టుకుని, ఏం పర్లేదు మేడం, మా కుర్రాళ్ళున్నారు, ఎత్తి లోపల పెట్టేస్తారు అన్నాడు. నేను సోఫాని కాదు సార్, అంది ఆమె.

మేనేజరు మంచివాడే. తొందర ఎక్కువ. మర్నాటికల్లా చెక్కలతో ఒక ర్యాంపు కొట్టించాడు. అది ఎంత నిటారుగా ఉందంటే, ముందు ఆయన్నే కుర్చీలో కూచోబెట్టి ఎక్కించి చూశారు. సగం ఎక్కి, వచ్చిన దారినే రోడ్డు మీదికి జారి, పండ్ల బండి దగ్గర ఆగాడు. లేచి వచ్చి వడ్రంగిని పిలిపించి, ఇంకా పొడుగు కావాలోయ్, సిగ్గుపడకు అన్నాడు. చక్రాల కుర్చీలకి తెర ముందు చోటిస్తానన్నాడు. అక్కడ కూచుంటే హీరో ముక్కు రంధ్రాలు తప్ప ఏమీ కనపడవని ఆ అమ్మాయి చెబితే, మధ్య వరసల్లో కుర్చీలు ఊడదీయించాడు. వెడల్పాటి తలుపున్న మరుగుదొడ్డి ఒకటి హాల్లో ఎప్పట్నుంచో ఉంది, దాన్నిండా చీపుళ్ళు, పాత పోస్టర్లు. అది ఖాళీ చేశారు. పెద్ద చప్పుడు, పూర్తి చీకటి భరించలేని పిల్లల కోసం ఒక ఆట సగం దీపాలతో, తగ్గించిన ధ్వనితో వేయాలనుకున్నారు. వినపడనివాళ్ళకి తెర కింద అక్షరాలు సరే. కనపడనివాళ్ళకి ఏం చెయ్యాలన్న మాట వచ్చినప్పుడు, హాల్లో పనిచేసేవాళ్ళందరూ ఒకేసారి టికెట్ల కిటికీ వైపు తిరిగారు.

ఇన్నేళ్ళూ ఉష్ అనిపించుకున్న మనిషికి మైకు ఇస్తామన్నారు. ప్రొజెక్టరు పక్కన అద్దాల గదిలో కూచుని ఆమె చెబుతుంది, కావలసినవాళ్ళు ఇయర్‌ఫోన్లలో వింటారు. గుసగుసమ్మ ఆ వారమంతా నేల మీద నడవలేదు. కూరలు తరుగుతూ కూడా, ఇప్పుడు కత్తి వంకాయ వైపు కదిలింది అని అభ్యాసం చేసింది.

ఫెస్టివల్ అమ్మాయి రేడియో దుకాణానికి కూడా వెళ్ళింది. మొదటి ఆటకి ఏ సినిమా వేస్తే బాగుంటుంది మావయ్యా అని అడిగింది. ఆయన ఆలోచించనైనా లేదు, పడవ సినిమా అన్నాడు.

ఆ మాట ఇంటికొచ్చేసరికి గుసగుసమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

ఆమె ముందు గొంతు బాగాలేదంది. ఫెస్టివల్ అమ్మాయి మిరియాల పొడి తెచ్చిచ్చింది. తర్వాత మేనేజరుని పట్టుకుని, అది ఏడుపు సినిమా, వచ్చేవాళ్ళ మనసు కష్టపెట్టడం దేనికి, ఏదైనా నవ్వులది వేద్దామని నూరిపోసింది. ఆయనకి ఆ మాట నచ్చింది. పాపం ఇప్పటికే కష్టాల్లో ఉన్నవాళ్ళు కదా మేడం అంటూ వెళ్ళి ఆ అమ్మాయి ముందు పెట్టాడు. గుసగుసమ్మ కిటికీలోంచి వింటోంది.

"మేం మెట్లు ఎక్కలేం సార్, కథలు ఎక్కగలం," అంది ఆ అమ్మాయి. "మా బదులు మీరు భయపడకండి."

అది మేనేజరుకి చెప్పిన మాట. తగలవలసిన చోటే తగిలింది, కిటికీ వెనక.

ఇంట్లో చెప్పేద్దామని ఆమె రెండు మూడుసార్లు మొదలుపెట్టింది. ఏమండీ, ఆ పడవ సినిమా, అనేది. ఆయన వెంటనే, చొక్కా పిండుకునే చోటు ఈసారి నిదానంగా చెప్పవోయ్, అందరూ వినాలి అనేవాడు. దుకాణానికి వచ్చినవాళ్ళందరినీ ఆయన అప్పటికే పిలిచేశాడు. ఇస్త్రీ చేసిన చొక్కా కొక్కేనికి వేలాడుతూ ఆమెనే చూస్తున్నట్టుండేది.

ఆ ఉదయం హాలు ముందు ఎప్పుడూ లేని చప్పుళ్ళు. ర్యాంపు మీద చక్రాల గరగర, నేలని పలకరించే కర్రల టకటక, చేతులతో మాట్లాడుకునేవాళ్ళ నిశ్శబ్దపు సందడి. మేనేజరు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి సాయం కావాలా అని అడుగుతున్నాడు. అడక్కుండా చెయ్యి పట్టుకోవద్దని ఆ అమ్మాయి చెప్పింది కాబట్టి, చేతులు రెండూ వెనక పెట్టుకుని మరీ.

అద్దాల గదిలోంచి గుసగుసమ్మకి భర్త తల వెనకభాగం కనిపిస్తోంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన పక్క కుర్చీలో ఆమె లేదు. దీపాలు ఆరాయి. ఆమె గొంతు అన్ని చెవుల్లోకీ ఒకేసారి దిగింది. నది చెప్పింది, నది మీది ఎండ చెప్పింది, వరద ముందు కమ్ముకున్న మబ్బు రంగు చెప్పింది. ఆమె నోట్లోంచి నది పారుతుంటే, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న తలలు కొంచెం పక్కకి వాలాయి.

వేణువు మొదలైంది. దూరంగా పడవ. ఒక్క మనిషిని కూచోబెడితే చాలు, ఇంట్లో ఎవరికీ బాధ లేదు. కానీ ఆ హాల్లో ఆమె మాట నమ్మి కూచున్నవాళ్ళు ఇంకా ఎంతోమంది ఉన్నారు.

"పడవ వచ్చింది," అంది ఆమె. ఊపిరి తీసుకుంది. "పడవలో ఎవరూ లేరు."

రేడియో మావయ్య ఇయర్‌ఫోన్లు పీకేసి లేచి నిలబడ్డాడు. కర్ర తడుముకుంటూ వరస దాటి, తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆమె కాళ్ళు కూడా లేచాయి. కానీ సినిమా ఇంకా ఉంది. మైకు ముందు కూచుని, చివరి బొమ్మ దాకా ఉన్నదున్నట్టు చెప్పి అప్పుడు పరిగెత్తింది.

బయట ఆయన మేనేజరుని నిలదీస్తున్నాడు. ప్రింటు పాడైపోయిందని, ఆఖరి ముక్క ఎవరో కత్తిరించేశారని, మా ఆవిడ మొత్తం సినిమా తన కళ్ళతో చూసి చెప్పిందని, పాపం ఇవాళ ఈ చచ్చు ప్రింటు చూసి ఆమె ఎంత కంగారుపడి ఉంటుందో అని. మేనేజరు నోరు తెరిచి, గుసగుసమ్మ మొహం చూసి, మూసేశాడు. ఫెస్టివల్ అమ్మాయి అక్కడే ఉంది. జనం బయటికి వస్తున్నారు.

"ప్రింటు బాగానే ఉందండీ," అంది గుసగుసమ్మ. "నేనే కత్తిరించాను. ఆ రోజే."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. తర్వాత గోడ పక్క బల్ల మీద కూచున్నాడు. ఆయన మొహం స్టేషను తప్పిన రేడియోలా ఉంది.

"అయితే అతను రాలేదా?"

"రాలేదండీ."

"మరి చొక్కా?"

"చొక్కా నాదే."

"పడవ వస్తుందిలే, పడవ వస్తుందిలే అని ఇంతమందికి చెప్పానే."

"పడవ వచ్చిందండీ. అందులో అబద్ధం లేదు."

చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. ఆయన నవ్వలేదు.

"ఆ పొద్దున డాక్టరు చెప్పింది తట్టుకున్నాను," అన్నాడు. "సినిమా తట్టుకోలేననుకున్నావా?"

ఆమె వచ్చి పక్కన కూచుంది, ముట్టుకోకుండా. ఆ కాస్త ఎడంలో వాళ్ళు చూసిన సినిమాలన్నీ వరసగా వచ్చి నిలబడ్డట్టనిపించింది. ఆయనే మళ్ళీ అడిగాడు, పడవ ఖాళీగా ఉంటే ఆ భార్య ఏం చేసిందని. ఆమె చెప్పింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నీళ్ళలోకి దిగి పడవని పట్టుకుంది. లోపలి నీళ్ళు దోసిళ్ళతో తోడిపోసింది. తర్వాత తెడ్డు తీసుకుని తానే ఎక్కింది. అవతలి ఒడ్డున ఎవరో రమ్మని చెయ్యి ఊపుతున్నారు. అటు తోసుకుంటూ వెళ్ళింది.

"తనే తోసిందా?"

"తనే."

"ఇంత మంచి ముక్క ఇన్నేళ్ళూ నాకు చెప్పకుండా దాచావా?"

"మొగుణ్ణి తెచ్చి పడవలో కూచోబెట్టేశాను కదండీ. ఇక తెడ్డు ఆవిడ చేతికి ఎలా ఇవ్వను?"

ఆయన పెదవి ఒక పక్కకి కదిలింది. అది నవ్వు కాదు, దాని చిరునామా మాత్రమే. రిపేరు నా పనోయ్, అన్నాడు. చెడిపోనిదాని జోలికి పోకూడదని మాకు మొదటిరోజే చెబుతారు. ఇంకా ఏమేం విప్పావో చెప్పు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. విడిపోయిన అన్నదమ్ములని రైల్లో కలిపినది. చచ్చిపోయిన గుర్రాన్ని పచ్చికలో మేపినది. అందగాడు కాని హీరోకి గడ్డం మీద నొక్కు పెట్టినది. ఆయన మధ్యలో ఆపి, గుర్రం కూడానా అన్నాడు. గుర్రం కూడానండీ, అంది. జాబితా ఎంతకీ తెగకపోవడంతో ఫెస్టివల్ అమ్మాయి కుర్చీ తిప్పుకుంటూ వచ్చి, మిగతా నేరాలు రేపు ఒప్పుకుందురుగానీ అత్తయ్యా, రెండో ఆటకి గంట కొడుతున్నారు అంది. ఆయన లేచి ఇయర్‌ఫోన్ల కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి గుసగుసమ్మ వైపు కాదు, ఆ అమ్మాయి వైపు చాపాడు. కోపం పూర్తిగా పోలేదని తెలియాలిగా.

రెండో ఆట నవ్వుల సినిమా. వాన పడుతున్న వీధి, జనం లేరు. అద్దాల వెనకనుంచి గుసగుసమ్మ తడిసిన దీపస్తంభాలని చెప్పింది, మూసిన దుకాణాలని చెప్పింది. అప్పుడు తెర మీదికి ఒక కుక్క వచ్చింది. దాని నోట్లో తెరిచిన గొడుగు. అటూ ఇటూ చూసి రోడ్డు దాటింది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పి, తన మాట తనకే నమ్మబుద్ధి కాక ఆగిపోయింది.

"నిజంగానే ఉందండీ," అంది మైకులో. "ఒట్టు."

హాల్లో అక్కడక్కడా భుజాలు కదిలాయి. ఇయర్‌ఫోన్లు ఉన్నవాళ్ళు మాత్రమే పగలబడి నవ్వుతున్నారు. వాళ్ళ మధ్య నెరిసిన తల ఒకటి, ముందు కుర్చీ పట్టుకుని వంగిపోయి మరీ. కళ్ళతో చూస్తున్నవాళ్ళు మాత్రం, తమకి తెలియని ఆ హాస్యం ఏమిటో అర్థంకాక, ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.